జోసెఫ్ పళ్ళు

ఈ రోజు నల్లమాడ దగ్గర ఒక పల్లెలో మా డెంటల్ కాలేజీ విద్యార్థులం శిబిరం పెట్టాం. కెన్యా నుంచి వచ్చి మాతో చదువుతున్న జోసెఫ్ దగ్గరికి ఎవరూ పోలేదు. అతని నలుపు చూసి జంకారు. చివరికి ఒక అవ్వ తన మనవరాలిని తెచ్చి అతని ముందు కూర్చోబెట్టింది. ఆ పాప పళ్ళు తుప్పురంగులో ఉన్నాయి.

"బోరింగు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్లే అవ్వా" అన్నాను.

జోసెఫ్ మెల్లగా పెదవి పైకెత్తి తన పళ్ళు చూపించాడు. అవే మరకలు. ఇన్నాళ్ళూ అతను నోరు తెరిచి ఎందుకు నవ్వలేదో అప్పుడు తెలిసింది.

"ఏమప్పా, మీ ఊర్లోనూ ఇవే నీళ్ళా?" అనింది అవ్వ. కాసేపు చూసి, "డాక్టరు సదువుతాండావు, నీ పండ్లే బాగు చేసుకోలేకపోయినావా? ఇంగ మా పాపకేం చేస్తావు?" అనింది.

ఆమె ఏమందని జోసెఫ్ నన్ను అడిగాడు. బాగా చూశావని మెచ్చుకుందన్నాను. అతను నమ్మలేదు. మీరైతే ఏం చెప్పేవారు?