మల్లెపాదులో స్నానాలు

మొన్న పేపర్లో ఒక ఫొటో చూశాను. ఇంగ్లండులో ఎండలు పాత రికార్డులన్నీ దాటాయట, తోటలకు పైపులతో నీళ్లు పెట్టొద్దని ఆంక్షలు కూడా పెట్టారట. పచ్చికంతా ఎండుగడ్డిలా పసుపెక్కిపోయిన పెరట్లో, తెల్లజుట్టు ముసలావిడ ఒకామె తను స్నానం చేసిన నీళ్లను బకెట్టుతో మోసుకొచ్చి గులాబీలకు పోస్తోంది. అయ్యో పాపం అనుకోవాల్సిన చోట నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఛాతీ కాస్త ఉబ్బింది కూడా. అమ్మా, ఈ విద్యలో మా రెంటచింతల ఎప్పుడో ఆరితేరింది, మేం బకెట్టు దాకా కూడా పోలేదు, మొక్క మొదట్లోనే నిలబడి స్నానం చేశాం అని ఆవిడకు చెప్పాలనిపించింది.

మా ఊరి ఎండ మాకు ఆస్తి. నాపరాళ్లు పరిచిన ఇళ్లల్లో తలుపులు మూసుకుని, ఉల్లిపాయ నంజుకుంటూ మజ్జిగన్నం తిని, వేలితో తాటిముంజలు పొడుచుకు తాగుతూ ఎట్లాగో మధ్యాహ్నం గడిపి, సాయంత్రం రేడియోలో ప్రాంతీయ వార్తలు వచ్చే వేళకు వీధి పిల్లలమంతా శెట్టిగారి కొట్టు ముందు చేరేవాళ్లం. చివర్లో, రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ ఉష్ణోగ్రత రెంటచింతలలో నమోదైందని చెప్పగానే, ఆ ఎండను మేమే కాసినట్టు ఒకరి వీపు ఒకరం చరుచుకునేవాళ్లం. ఇంకో ఊరి పేరు చెప్పిన రోజు ముఖాలు వేలాడేసుకుని ఇళ్లకు పోయేవాళ్లం. గుంటూరు నుంచి సెలవులకొచ్చిన చుట్టాల పిల్లల ముందు చెప్పుల్లేకుండా బండల మీద తీరిగ్గా నడిచి చూపించి, మలుపు తిరిగాక అరికాళ్లు పట్టుకుని గెంతేవాళ్లం.

మా నాయనమ్మ ఇన్నాసమ్మకు మాత్రం ఆ ఎండతో పాత తగువు. పెరట్లో ఆమెకొక మల్లెపాదు ఉండేది. మా క్యాథలిక్కులకు మే నెల మరియమాత నెల, నెలంతా సాయంత్రాలు గుడిలో జపమాల చెప్పుకుని, ఆఖరి రోజు మాత స్వరూపాన్ని ఊరేగిస్తారు. ఆ రోజు మెళ్లో వేసే దండ మా నాయనమ్మ పాదు నుంచే వెళ్లేది. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచీ అది ఆమె హక్కు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఫాదర్ గారి మాట కూడా వినేది కాదు.

నేను ఐదో తరగతి పూర్తిచేసిన వేసవిలో మా బావి అడుగంటింది. ఊరి చివర బోరింగు దగ్గర వరసలో నిలబడి తెచ్చుకున్న నీళ్లు తాగడానికీ వంటకీ స్నానాలకీ బొటాబొటిగా సరిపోయేవి, ఇక మల్లెకెక్కడివి? పక్కింటి తెరేజమ్మ పెద్దమ్మ ఒకరోజు గోడ మీదుగా తొంగిచూసి, ఆకులు ముడుచుకున్న పాదును చూసి జాలిపడింది.

"ఈ ఎండకి ఇది బతికేది కాదులే అత్తా. ఈసారికి మాచర్ల బస్సులో పూలు తెప్పిద్దాం."

"నా పాదులో పేణం ఉండంగా మాతమ్మకి కొన్న పూలేంది," అంది నాయనమ్మ. అందే గానీ ఆ మాట ఆమెకు బాగా తగిలింది, ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాటి నుంచి మా స్నానాలు మల్లెపాదులోకి మారాయి. పొద్దు వాలగానే నన్నూ చెల్లెల్నీ పాదులో నిలబెట్టి, సబ్బు పడితే మొక్క చస్తుందని సున్నిపిండితోనే రుద్ది, ఒక్క చుక్క గట్టు దాటకుండా పోసేది. ఇద్దరి నీళ్లు దానికి ఏ మూలకూ రాలేదు. అప్పుడు నాయనమ్మ వీధిలోకి వెళ్లి, మీ పిల్లల స్నానాలు నా పాదులో చేయించండి అని ఇల్లిల్లూ అడిగింది. ఎవరినీ చిటికెడు ఉప్పు కూడా అడగని మనిషి ఆమె. శెట్టిగారి భార్య ఇంట్లో రోజూ వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టుకునే మనిషి, అయినా మొదటి సాయంత్రమే కొడుకు రంగడికి బిందెడు నీళ్లిచ్చి పంపింది. ఆ తర్వాత వీధి వీధంతా వచ్చింది. చీలమండల దాకా బురదలో దిగబడి, నీకంటే ముందు నేనంటూ తోసుకుంటూ, సున్నిపిండి వాసనా తడిమట్టి వాసనా కలిసిపోయిన ఆ పెరట్లో మేం చేసిన అల్లరి నాకింకా వినిపిస్తూనే ఉంటుంది. పైన తాటాకుల పందిరి, దాని చుట్టూ తడిపిన గోనెపట్టాలు. కొన్నాళ్లకు ఆకులు విచ్చుకుని, మొగ్గ తొడిగింది.

ఊరేగింపు ముందురోజు రేడియోలో మా ఊరి పేరు వచ్చింది. అరుచుకుంటూ ఇంటికి పరిగెత్తాం.

"ఎగరమాకండిరా," అంది నాయనమ్మ. "రేపు కూడా ఇట్లనే కాసిందంటే నా మొగ్గలు మాడిపోతయ్యి."

మర్నాడు ఇంకో ఊరు గెలవాలని ఆ రోజే మొదటిసారి కోరుకున్నాం.

మా కోరిక ఎవరూ వినలేదు. మర్నాడు పొద్దున్నే మొదలైన వడగాలి సాయంత్రం దాకా ఆగలేదు. గోనెలు ఆరకుండా వంతులేసుకుని తడిపాం. పొద్దు వాలాక నాయనమ్మ తాటాకు ఎత్తి చూసింది. అంచున ఉన్న మొగ్గలు కమిలిపోయాయి గానీ లోపలివి తెల్లగా, బిగువుగా ఉన్నాయి. తెరేజమ్మ పెద్దమ్మ తనే వచ్చి అరటినార పట్టుకుంటే, నాయనమ్మ బురదలోనే కూర్చుని దండ కట్టింది. ఎప్పటికంటే సన్నం, కానీ మాదే. ఊరేగింపు శెట్టిగారి కొట్టు ముందుకు వచ్చేసరికి లోపల రేడియో మళ్లీ మా ఊరి పేరే చెబుతోంది. రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ ఎండ మాది, ఆ ఎండను గెలిచిన పూలూ మావే. అంత గర్వం నాకు డిగ్రీ చేతికొచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఇప్పుడు నాయనమ్మా లేదు, పాదూ లేదు. పెరళ్లన్నీ సిమెంటు చేశారు, పిల్లలు టైల్స్ వేసిన బాత్రూముల్లో తలుపేసుకుని స్నానం చేస్తారు, ఎండ సంగతి ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకుంటారు. దండలు తెల్లవారకముందే ప్లాస్టిక్ సంచుల్లో బస్సెక్కి వస్తాయి. పోయిన మే ఆఖరున ఊరేగింపుకు వెళ్లాను. కొట్టు ఇప్పుడు రంగడిది. మాత స్వరూపం రాగానే గల్లాపెట్టె వదిలేసి బయటికొచ్చి చేతులు జోడించాడు.

"మనం ఈళ్ల గుళ్లోకి పోంగదా తాతా, దణ్ణం పెడతన్నావేంది?" అని అడిగింది పక్కనున్న మనవరాలు.

"ఓ ఏడు ఆ తల్లి మెళ్లో దండ నా నీళ్లకే పూసిందే," అన్నాడు రంగడు.