జిలేబి పొట్లానికి మూత ఉండదు

నిన్న మా మిరపకల్లంలో ఏం జరిగిందో మీకు ఈపాటికి చేరే ఉంటుంది. నేను తాగి పడిపోయానని ఒకరు, పడ్డాక మళ్ళీ తాగానని ఇంకొకరు చెప్పి ఉంటారు. రెండూ అబద్ధమే! పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో వార్తలు మోసే పని నాది. అలాంటిది నా గురించిన వార్తను నన్ను అడక్కుండా ఇంకొకడు మోయడమేంటండీ? అందులోనూ తప్పుగా!

అసలు సంగతి చెబుతాను. మీ టీ చల్లారేలోపు అయిపోతుంది.

నేను మందు మానేసి నాలుగు నెలలైంది. మానేసిన రోజున మా ఆవిడ నాగమణి ఒక్కటే మాట చెప్పింది. "మళ్ళీ ఒక్క చుక్క ముట్టుకున్నావో, నేను కనిగిరిలో మా తమ్ముడి దగ్గర ఉంటాను. వెతుక్కుంటూ రాకు." అరిచి చెబితే నాకు భయం లేదు. మెల్లగా చెప్పింది. మానేశాను.

గుంటూరులో డాక్టరుగారేమో, "మనసు అటు లాగినప్పుడు కాస్త ఏదైనా తినండి" అన్నారు. కాస్త అంటే ఎంతో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. సాయంత్రం ఆరింటికి మనసు లాగేది. పునుగులు తినేవాణ్ణి. ఏడింటికి ఇంకా గట్టిగా లాగేది. బజ్జీలు. భోజనమయ్యాక పాలకోవా. పొద్దున్నే మనసు ఎటూ లాగకపోయినా, అలవాటు కొద్దీ నాలుగు ఇడ్లీలు ఎక్కువ. మా పక్కచేను శేషయ్యను "నీ పొట్ట బస్సు దిగిన పది నిమిషాలకు నువ్వు దిగుతావు" అని పదేళ్ళు ఏడిపించాను. మొన్న నా చొక్కాలన్నీ బిగుతైతే వాడిది అడిగి వేసుకున్నాను. సరిగ్గా సరిపోయింది! వాడు నవ్వలేదు, జాలిపడ్డాడు. అది ఇంకా ఘోరం.

"తాగే రోజుల్లో ఇంట్లో డబ్బాలైనా నిండుగా ఉండేవి" అంటుంది నాగమణి. పోయిన నెల టెస్టు చేస్తే షుగరు అంచున ఉందన్నారు. ఇక చూడండి! తీపి రోజుకు ఒక్కటి, అదీ ఆవిడ చేతి మీదుగా. మందు మానేసిన మనిషికి ఇదా మర్యాద?

అందుకే నిన్న పొద్దున సెంటర్లో మస్తాన్ బండి దగ్గర అరకిలో బెల్లం జిలేబి కట్టించుకుని కల్లానికి పోయాను. ఎక్కడ దాచాలా అని ఆలోచించే పనే లేదు. నా పాత చోటు ఉండనే ఉంది. పోయినేడు దాకా క్వార్టర్ సీసా ఎప్పుడూ మిరపకాయల రాశిలోనే పెట్టేవాణ్ణి. అందులో ఎవరూ చెయ్యి పెట్టరు, ఏ వాసనా బయటికి రాదు. బ్రహ్మాండమైన చోటు! కప్పిన పట్టా ఎత్తి, మోచేతి దాకా తోసి, పొట్లం లోపల పెట్టాను.

సీసాకు మూత ఉంటుంది. పొట్లానికి ఉండదు. ఇంత అనుభవం ఉన్నవాణ్ణి, ఆ ముక్క తట్టలేదు!

పన్నెండింటికి మనసు లాగింది. తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు అటు తిరిగి ఉన్నారు. రాశి వెనక కూర్చుని చెయ్యి పెట్టాను. పాకానికి కాగితం నానిపోయి చిరిగింది. చేతికి తగిలింది తగిలినట్టు నోట్లో కుక్కుకున్నాను. నాలుగు. గబగబా. దొంగతిండి ఎవరూ నమిలి తినరు కదా.

ఆ జిలేబీలకు గుంటూరు జిల్లా మొత్తం అంటుకుని ఉందని మింగాక తెలిసింది.

నాలుక మొద్దుబారింది. కళ్ళ వెంట నీళ్ళు. తుడుచుకున్నాను. ఏ చేత్తో? రాశిలో పెట్టిన చేత్తో! ఇక లోకం లేదు. లేచాను. పట్టా కాలికి చుట్టుకుంది. రాశి మీద బోర్లా పడ్డాను. లేచాను, మళ్ళీ పడ్డాను. సరిగ్గా అప్పుడే క్యారేజీ పట్టుకుని నాగమణి వచ్చింది.

ఆవిడకు ఏం కనబడి ఉంటుందో మీరే చూడండి. ఎర్రటి కళ్ళు. తూలుతున్న మొగుడు. ఆ పాత చోటు.

"ఏం తాగావు?"

"వ్వి... వ్విలే..." అన్నాను. జిలేబి అని నా ఉద్దేశం.

"పాపం, నాలుగు నెలలు ఆగాడు" అంది మేస్త్రి మరియమ్మ.

శేషయ్య పరిగెత్తుకొచ్చాడు. వాడు పరిగెత్తడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. "ఒరేయ్ కోటయ్యా, ఊదరా" అన్నాడు. వాడి మొహం మీదే ఊదాను. వరసగా ఆరుసార్లు తుమ్మాడు. "అమ్మో, ఇది మామూలు మందు కాదు చెల్లెమ్మా! ఏదో నాటుసరుకు!"

నాగమణి ఒక్క తిట్టు తిట్టలేదు. క్యారేజీ గట్టు మీద పెట్టి, ఫోన్ తీసి, "తమ్ముడూ, బండేసుకుని రా. వచ్చేస్తున్నాను" అంది. మెల్లగా.

నోట్లో మంట ఏమైపోయిందో తెలియదు. సాక్ష్యం రాశిలో ఉంది. రెండు చేతులూ పెట్టి తవ్వడం మొదలుపెట్టాను.

"సీసా తీస్తున్నాడు, పట్టుకోండి!" అని అరిచింది మరియమ్మ. శేషయ్య నడుం పట్టుకుని లాగాడు. లాగితే నాతోపాటు పొట్లమూ వచ్చింది.

అందరూ చూశారు. ఒళ్ళంతా గింజలు అంటించుకున్న జిలేబీలు. నాగమణి ఒకటి తీసి వాసన చూసింది. తర్వాత నా గడ్డం పట్టుకుని నోరు వాసన చూసింది. రోజూ చేసే పనిలా చూసింది.

"రోజూ చూస్తూనే ఉన్నాగా, పొద్దున నువ్వు లేవకముందు" అంది.

నాలుగు నెలలుగానా! నన్ను నమ్మి ఊరుకుందనుకుంటున్నాను నేను! గట్టిగా అడిగేద్దామంటే నాలుక తిరగదు. క్యారేజీలోంచి మజ్జిగ తీసి గ్లాసు తర్వాత గ్లాసు పోసింది. పోస్తూ పోస్తూ కొంగుతో తన కళ్ళు తుడుచుకుంది. ఆవిడైతే రాశిలో చెయ్యి పెట్టలేదు మరి. ఎందుకు తుడుచుకుందో నేను అడగలేదు.

మా బావమరిదికి మళ్ళీ ఫోన్ చేస్తే ఎత్తలేదు. బండి మీద ఉన్నాడు. సాయంత్రానికి దిగాడు. హెల్మెట్ కూడా తీయకుండా, నన్ను పలకరించకుండా, "బ్యాగేది అక్కా?" అన్నాడు.

నాగమణి నా వంక ఒకసారి చూసింది.

"నువ్వు భోంచేసి వెళ్ళరా తమ్ముడూ. తాగేవాడైతే వదిలేసి వచ్చేదాన్ని. ఈయన్ని ఒంటరిగా వదిలేసి వస్తే కల్లంలో కాయలు కూడా మిగలవు."

ఎంత మాట! మిరపకాయలు మేయడానికి నేనేమన్నా గొడ్డునా? అందరి ముందూ ఖండిద్దామని నోరు తెరిచాను. కడుపులో ఏదో భగ్గుమంది. అప్పటికే ఒక గుప్పెడు లోపల ఉన్నాయని గుర్తొచ్చి, మూసుకున్నాను.