బాబా వెతికిన చెవులపిల్లి

చెవులపిల్లిని అరబ్బీలో అర్నబ్ అంటారని నాకు చెప్పింది బాబా. బాబా నా కఫీల్, అంటే కువైట్‌లో నాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. ఆయనింట్లో నేను డ్రైవర్ని. పనిలో చేరేటప్పటికే ఆయన బాగా పెద్దవాడు, మోకాళ్లు అరిగిపోయినాయి. అయినా చలికాలం వచ్చిందంటే ఇంట్లో కాలు నిలిచేది కాదు. మధ్యాహ్నం అన్నం తినంగానే వచ్చి నా పక్కన ముందు సీట్లో కూర్చొని, "యల్లా, బర్‌కు పోదాం" అనేవాడు. వాళ్లు ఎడారిని బర్ అంటారు.

రోడ్డు దిగి ఇసకలోకి పోయినాక ఆయనకు మాటలు వచ్చేవి. "ఆ దిబ్బ పక్కన మేము డేరా వేసేవాళ్లం. పొద్దున్నే వేటకుక్కల్ని వదిలితే, తిరిగొచ్చేటప్పటికి బండికి రెండు పక్కలా అర్నబ్‌లు వేలాడేవి" అని చెప్తాంటే నేను స్టీరింగు పట్టుకొని వినేవాణ్ణి. ఆయన వేలు చూపించిన చోట నాకు టైర్ల జాడలు, ఎవరో పారేసిన నీళ్ల సీసాలు, క్యాంపులకొచ్చిన వాళ్లు కాల్చిన బొగ్గులు తప్ప ఏమీ కనిపించేవి కావు. ఆయనకు మాత్రం అన్నీ కనిపించేవి.

నాకూ కనిపించేవి, కాకపోతే వేరే చోట. మాది రాయచోటి అవతల కొండల పక్క. చెనిక్కాయ చెట్లు పీకేసినాక, చేన్లో రాలిన కాయలకు చెవులపిల్లులు దిగేవి. మా చిన్నాయన వల కట్టేవాడు. నేనూ, మా అక్కను చేసుకున్న బావా కట్టెలతో పొదలు కొట్టుకుంటా తరిమేవాళ్లం. కౌజులూ, పూరేళ్లూ సరేసరి. కాళ్ల కింది నుంచి బుర్రుమని లేస్తే గుండె జల్లుమనేది. బాబా మాటలు వింటా వింటా నేను మా చేన్లోకి పోయేవాణ్ణి. ఒకే కారులో పక్కపక్కన కూర్చొని ఇద్దరమూ చెరొక చోట తిరిగేవాళ్లం.

బాబాకు కడపటి సంతానం ఒక కూతురు. వేటగాళ్లు కొట్టుకు తినే చిన్న జంతువులు, పక్షులు ఆ దేశంలో ఇంకా ఏమాత్రం మిగిలినాయో చూసే సర్వేలో ఆమెకు ఉద్యోగం. నేను ఆమెను చిన్న మేడం అనేవాణ్ణి. సర్వేలో మొదటి పని, పాతకాలం వేటగాళ్లను కూర్చోబెట్టి అడగడం. ఆమెకు దూరం పోయే పని లేకపోయింది. సాయంత్రమైతే వాళ్ల దీవానియాలో, అంటే మొగవాళ్లు కూర్చొని మాట్లాడుకునే పెద్ద గదిలో, బాబా స్నేహితులు చేరేవాళ్లు. అందరూ ఒకప్పటి వేటగాళ్లే. ఒకరోజు వంటాయన లేకపోతే గహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోసే పని నామీద పడింది.

ఎంత కొట్టినారని చిన్న మేడం అడిగితే అందరూ ఒక్కసారే మాట్లాడినారు. ఒకాయన డేగ గురించి చెప్తాడు, ఇంకొకాయన కుక్క గురించి. నవ్వులే నవ్వులు. ఆమె అందరినీ చెప్పనిచ్చి, చివర్న మెల్లగా అడిగింది.

"ఆఖరుసారి అర్నబ్‌ను కళ్లారా చూసింది ఎప్పుడు?"

నవ్వులు ఆగిపోయినాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "యుద్ధానికి ముందు" అన్నాడొకాయన. "లేదు, తర్వాత కూడా ఒకసారి చూసినాను" అని బాబా అన్నాడు గానీ, ఎక్కడ అంటే చెప్పలేకపోయినాడు. గహ్వా చల్లారిపోతాంటే నేను వంచి మళ్లీ వేడిది పోసినాను. ఎవరూ తాగలేదు.

రెండో పని ఎడారిలో. ఆడపిల్ల ఒక్కతే పోవద్దని బాబా నన్ను తోడు పంపేవాడు. ఇనప కమ్మీలు దిగ్గొట్టి వాటికి చిన్న కెమెరాలు కట్టి వచ్చేవాళ్లం. ముందర ఏదన్నా కదిలితే అదే ఫోటో తీసుకుంటుంది. మొదటి చలికాలమంతా నక్కలు, ఒంటెలు, ఒకదాంట్లో మాత్రం క్యాంపు పిల్లలు ఆడుకొని పోగొట్టుకున్న బంతి. ఆమె ఓపికగా అన్నీ చూసేది.

మరుసటేడు చలికాలం, ఒక కెమెరా విప్పుకొచ్చి కారులో కూర్చొని చూస్తా ఉండింది. ఉన్నట్టుండి నా భుజం తట్టి ల్యాప్‌టాప్ నావైపు తిప్పింది. చిన్న పొద పక్కన, ముందుకాళ్లు దగ్గరికి పెట్టుకొని, చెవులు నిక్కబొడుచుకొని కూర్చోనుంది. మావాటికన్నా బక్కది, ఇసక రంగు. చెవులు మాత్రం పెద్దవి.

"చెవులపిల్లి" అన్నాను, తెలుగులోనే.

"ఏమన్నావు?"

"మా ఊర్లో దాన్ని అట్లంటారు. చెవులుండే పిల్లి అని."

ఆమె నోట్లో ఆ మాట తిప్పుకొని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, "ఈ చోటు నీకూ నాకూ తప్ప తెలీకూడదు. తెలిస్తే రేపే తుపాకులు, కుక్కలు వస్తాయి. మాటివ్వు" అనింది. ఇచ్చినాను.

కానీ ఇంటికొచ్చినాక ఉండబట్టలేక ఫోటో నాయనకు చూపించింది. బాబా అద్దాలు పెట్టుకొని, తీసి తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని చూసినాడు. "ఎక్కడ?" అన్నాడు. "బర్‌లో యుబా" అని ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది. యుబా అంటే నాయనా అని.

మరుసటి దినం టైర్లు మార్చడానికి ఇద్దరమూ షువైఖ్ పోతాన్నాము. దోవలో అడిగినాడు.

"నువ్వే కదా తీసుకుపోయింది. ఎక్కడ?"

"చిన్న మేడం చెప్పొద్దన్నారు బాబా."

"నీ ఇఖామా ఎవరి పేరు మీదుంది?" అక్కడ ఉండి పనిచేసేదానికిచ్చే కాగితం అది, ఆయన రద్దు చేస్తే నేను ఊరికి పోవాల్సిందే.

"మీ పేరు మీదే. కానీ మాటిచ్చినాను."

ఆయన కోపం చేసుకోలేదు. కోపం చేసుకునింటే బాగుండేది. టైర్ల అంగడి కాడ దిగి, పనైపోయినాక వెనక తలుపు తీసుకొని వెనక సీట్లో కూర్చున్నాడు. నేను చేరినప్పటి నుంచి ఆయన వెనక కూర్చోవడం అదే మొదలు. ఆ తర్వాత కూడా అంతే. ఆస్పత్రికి పోయినా, మసీదుకు పోయినా, వెనక సీటు. అద్దంలో చూస్తే కిటికీలోంచి బయటికి చూస్తా కనిపించేవాడు. శుక్రవారం ఖైతాన్‌లో మావాళ్ల గదికి పోయి చెప్పుకుంటే, "నీకెందుకప్పా, చెప్పేసి నీ పని చూసుకోక" అన్నారు. వాళ్లనేదీ తప్పు కాదు. ఇంటికి పంపేస్తే నేనేం చేయాల. అయినా ఆ బక్కది గుర్తొస్తే నోరు వచ్చేది కాదు.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం ఆయన ముందు తలుపు తీసుకొని కూర్చున్నాడు. రెండు చేతులూ తెరిచి నాకు చూపించినాడు.

"తుపాకీ లేదు. కుక్కలు లేవు. పరిగెత్తేదానికి కాళ్లు కూడా లేవు. నాకు ఊరకే చూడాలనుంది."

"చిన్న మేడంను అడగండి బాబా. వద్దంటారా?"

"నేను తండ్రిని. నేనెట్లా అడిగేది?"

అందుకని నేనే అడిగినాను. ఆమె చేతిలో పని పక్కన పెట్టింది. "అంత చూడాలనుందా ఆయనకు" అని మాత్రం అనింది. ఆ శుక్రవారం నేను ఖైతాన్ పోలేదు. ముగ్గురమూ బర్‌కు పోయినాము.

పొదలకు దూరంగా కారు ఆపి, ఇంజిను ఆర్పేసి, అద్దాలు దించుకొని కూర్చున్నాము. ఎండ పసుపు రంగుకు తిరిగింది. గాలి చల్లగా, ఎండిన గడ్డి వాసనతో వస్తాంది. బాబా ముందుకు వంగి కూర్చున్నాడు, ఊపిరి కూడా చిన్నగా తీసుకుంటున్నాడు. పొద్దు దిబ్బల మీదికి వాలింది. ఏమీ రాలేదు.

"పోదామా యుబా" అనింది ఆమె. ఆయన పొదల మీది నుంచి చూపు తిప్పలేదు. ఆమె దిగి పొదల దగ్గరికి నడిచిపోయి, వంగి చూసి, చేయి ఊపింది. నేను బాబా మోచేయి పట్టుకొని నడిపించుకొని పోయినాను. ఇసకలో జాడలున్నాయి. ముందు చిన్నవి రెండు, వాటిని దాటి వెనకకాళ్లవి పొడుగ్గా. కొత్తవి, అంచులు ఇంకా విరగలేదు.

ఆయన మోకాళ్లకు కూర్చోవడం రాదు. అయినా నన్ను పట్టుకొని కూర్చున్నాడు. జాడ పక్కన ఇసకలో అరచెయ్యి ఆనించి, "నిదానంగా పోయింది. దీన్ని ఎవరూ తరమలేదు" అన్నాడు. "ఇన్నిన్ని కొట్టినామే. ఒక్కటి కూడా మెల్లగా నడిచిపోవడం నేను చూడలేదు." ఆమె తండ్రి వెనక నిలబడి ఆయన భుజాల మీద చేతులు వేసింది. ఇద్దరినీ చూడలేక నేను కారు దగ్గరికి పోయినాను.

ఆ రాత్రి బావకు ఫోన్ చేసి, చేన్లోకి చెవులపిల్లులు ఇంకా దిగుతాండాయా అని అడిగినాను.

"యాడివి బామ్మర్దీ" అన్నాడు. "కొండ దాకా మామిడి తోటలేసి కంచెలు కట్నారు. చెనిక్కాయ ఏసేటోళ్లే లేరు. కౌజు కూత ఇని ఎన్నాళ్లాయనో."

సెలవు మీద పోయినప్పుడు బావా నేనూ ఆ చేన్లన్నీ తిరిగినాము. కంచెల పక్కన, డ్రిప్పు పైపుల మీద నడుచుకుంటా పోయినాము. ఒక పూరేడు మాత్రం లేచింది. ఇద్దరమూ చిన్నపిల్లోళ్ల మాదిరి నిలబడిపోయి, అది వాలేదాకా చూసినాము.

నేను కువైట్‌కు తిరిగి వచ్చేసరికి బాబా మంచం పట్టినాడు. మళ్లీ చలికాలం మొదలు కాకముందే పోయినాడు. నా ఇఖామా చిన్న మేడం తన పేరు మీదికి మార్పించుకునింది. ఇప్పటికీ కెమెరాల పనికి ఆమెను నేనే తీసుకుపోతాను. ఆ బక్కది మళ్లీ ఏ ఫోటోలోనూ పడలేదు. బాబా స్నేహితులు కొందరు ఆమెకు ఫోన్ చేస్తారు. "ఎక్కడ" అని అడగరు, "వచ్చిందా" అని అడుగుతారు.

మొన్న తిరిగొస్తాంటే ఆమె అడిగింది. "మీ ఊర్లో దాన్ని ఎట్లా వండేవాళ్లు? ఇన్నేళ్లు దాని వెంట తిరుగుతున్నాను, రుచి తెలీదు నాకు."

చెప్పినాను. బొచ్చు కాల్చి, పసుపు పూసి, మట్టిచట్టిలో ఎర్రకారం, ధనియాలు, ఎండుకొబ్బరి నూరి వేసి, కట్టెలపొయ్యి మీద ఉడికేదాకా మా అక్క ఎవరినీ మూత తీయనిచ్చేది కాదని చెప్పినాను. రాగిసంగటి ముద్దలో గుంత చేసి పులుసు పోసుకునేదీ, ఎముకలు చీకతా అందరమూ వాకిట్లో కూర్చునేదీ చెప్పినాను. రోడ్డు మసకగా కనిపిస్తాంటే కారు పక్కకు తీసి ఆపినాను.

నేను కళ్లు తుడుచుకొని మళ్లీ బండి తీసేదాకా, ఆమె తన పక్క కిటికీలోంచి ఎడారిని చూస్తా కూర్చునింది.