బెంగ బాబాయి

మా బాబాయి అబద్ధాలకోరు అని ఎవరైనా అంటే నేను ఊరుకోను. ఎండ గురించి, వాన గురించి, తన వయసు గురించి, ఆఖరికి పిన్ని వంట గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పే మనిషి. ఒక్క విషయంలో మాత్రం ఆయన నోట నిజం వినాలంటే కష్టం. మా దగ్గర వదిలివెళ్ళిన కుక్కనో పిల్లినో తీసుకెళ్ళడానికి యజమాని వచ్చి, "ఎలా ఉందండీ మాది?" అని అడగడం ఆలస్యం, బాబాయి తల ఒక పక్కకి వాల్చేస్తాడు. గొంతు తగ్గించేస్తాడు. "ఏం చెప్పమంటారు, మీమీద ఒకటే బెంగ" అంటాడు. ఆ బెంగ పెట్టుకున్న ప్రాణి ఆ క్షణంలో వెనక వరండాలో ఇంకో కుక్క చెవి కొరుకుతూ స్వర్గంలో ఉంటుంది.

ఊళ్ళు వెళ్ళేవాళ్ళు తమ జంతువుల్ని వదిలి వెళ్ళే చోటు మాది. వీధిలోవాళ్ళు కుక్కల హాస్టల్ అంటారు. ముందు గదిలో బాబాయి బల్ల, గోడనిండా మేకులకి వేలాడే మెడపట్టీలు. దాని వెనక నా గది: స్నానాల తొట్టి, జుట్టు ఆరబెట్టే మిషను, కత్తెరలు, దువ్వెనలు. నేను తొడుక్కున్న బట్టలకి ఎప్పుడూ షాంపూ వాసన, తడికుక్క వాసన కలిసి ఉంటాయి. ఇంకా వెనక్కి వెళితే వరండాకి అటూ ఇటూ కుక్కల గదులు, చివర పిన్ని వంటగది. మేడమీద పిల్లులు. మనల్ని పైనుంచి చూడటం వాటికి ఇష్టం కాబట్టి ఆ ఏర్పాటు.

వేరే హాస్టళ్ళలో ఏం చెప్తారో మాకు తెలుసు. "మీవాడు హాయిగా ఆడుకున్నాడు, మిమ్మల్ని తలుచుకోను కూడా లేదు" అని ఫోటోలు చూపించి మరీ పంపిస్తారు. పిన్ని బాధ కూడా అదే. "మనం సరిగ్గా చూసుకోలేదనుకుంటారండీ. వ్యాపారం చేసేవాళ్ళు ఎవరైనా ఇలా చెప్తారా?" అని ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకునేది. బాబాయి విని, "నిజమేనే" అని ఒప్పుకుని, ముందు గదిలోకి వెళ్ళి ఇంకొకరికి బెంగ చెప్పి వచ్చేవాడు.

ఒకసారి ఒక డాక్టరమ్మ తన కుక్కని తీసుకెళ్ళడానికి వచ్చింది. పిన్ని చేతి తిండి తిని అది దిండులా తయారైంది. ఆవిడ దాన్ని ఎత్తుకోబోయి, ఎత్తలేక, "ఇంత లావెక్కిందేమిటండీ?" అంది.

"లావు కాదండీ, వాపు" అన్నాడు బాబాయి.

"వాపా?"

"బెంగతో ఒళ్ళు నీరుపట్టింది. మిమ్మల్ని చూసింది కదా, ఇక తగ్గిపోతుంది."

వంటగదిలో గరిట కిందపడిన చప్పుడు వినిపించింది. నేను నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను. ఆవిడ చదివిన చదువంతా ఏమైందో గాని, కుక్కని గుండెలకి హత్తుకుని, "నా తల్లే, ఇంకెప్పుడూ వెళ్ళను" అంటూ కళ్ళు తుడుచుకుని వెళ్ళింది.

ఇంకోసారి ఒక బ్యాంకు మేనేజరుగారి కుక్క ఇంటికి రానంటే రానని మొరాయించింది. నాలుగు కాళ్ళూ బారచాపి నేలకి అతుక్కుపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. బాబాయి మాత్రం చలించలేదు. "అలక సార్. ఇన్నాళ్ళు వదిలేసి వెళతారా అని అలిగింది. మీరు కాస్త బతిమాలుకోవాలి" అన్నాడు. మేనేజరుగారు ఇస్త్రీ ప్యాంటుతో నేలమీద కూలబడి క్షమాపణ చెప్పుకున్నాడు. తన కింద ఉద్యోగులకి ఆయన జన్మలో అంత మెత్తగా చెప్పి ఉండడు. కుక్క వినీ వినీ విసుగొచ్చి లేచింది. ఆయన ముఖం చూడాలి, పెళ్ళికొడుకులా వెలిగిపోయింది.

కొత్తగా పెళ్ళయిన జంట విషయంలో మాత్రం కథ అడ్డం తిరిగింది. వాళ్ళు విహారానికి వెళ్ళి, అక్కడి నుంచి ఫోన్ చేశారు. బాబాయి అలవాటు చొప్పున ఫోన్లోనే బెంగ చెప్పాడు. పాపం, ఆ పిల్లలు దొరికిన రైలు పట్టుకుని సగంలో వెనక్కి వచ్చేశారు. వచ్చేసరికి వాళ్ళ కుక్కపిల్ల నా తొట్టిలో నురగ నెత్తిన పెట్టుకుని గెంతులేస్తోంది. ఆ రోజు పిన్ని కోపం చూసి కుక్కలు కూడా మొరగలేదు. అప్పటి నుంచి ఇంట్లో ఒక చట్టం వచ్చింది: ఊళ్ళో లేనివాళ్ళకి బెంగ చెప్పకూడదు, తిరిగొచ్చాకే చెప్పాలి. బాబాయి వెంటనే ఒప్పుకున్నాడు. "దూరాన ఉన్నవాళ్ళకి చెబితే బాధ. ఇంటికొచ్చినవాళ్ళకి చెబితే సంతోషం. ఆ మాత్రం నాకు తోచలేదు చూడు" అని తననే తిట్టుకున్నాడు.

మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఒక ఓడ వంటాయన ఉండేవాడు. నెలల తరబడి సముద్రం మీద ఉండి వచ్చే మనిషి. ఓడ ఎక్కే ముందు తన పిల్లిని మాకు అప్పగించి, దిగగానే వచ్చి తీసుకెళ్ళేవాడు. కొద్దివారాలు ఏదో అద్దెగదిలో దానితో ఉండి, మళ్ళీ మాకే అప్పగించి వెళ్ళేవాడు. ఆ పిల్లికి పొడుగాటి జుట్టు, పెద్ద తోక, కుంకుడు గింజల్లాంటి కళ్ళు. ఎవరు పిలిచినా తల తిప్పేది కాదని దానికి మేడమ్ అని పేరు పెట్టాం. ఆయన వచ్చినా అంతే. మేడమ్ ఒక కన్ను తెరిచి, మూసేసేది.

"బెంగ పెట్టుకుందా అన్నా?" అని వంటాయన గుమ్మంలోనే అడిగేవాడు. బాబాయిని అన్నా అనీ, పిన్నిని వదినగారూ అనీ పిలిచేవాడు.

"ఏం చెప్పను తమ్ముడూ. నువ్వెళ్ళిన దగ్గర్నుంచి తలుపు కేసే చూపు. గిన్నెలో సగం అలాగే వదిలేసేది."

"మరి నన్ను చూసి లేవదేం?"

"బింకం. ఆడపిల్ల కదా, బయటపడదు."

వంటాయన పగలబడి నవ్వేవాడు. ఒకసారి అలా నవ్వి, "మా అక్క ఇంటికి వెళితే రెండో పూటకల్లా మళ్ళీ ప్రయాణం ఎప్పుడురా అంటారన్నా" అన్నాడు. అది కూడా నవ్వుతూనే అన్నాడు. బాబాయి మాత్రం నవ్వలేదు. ఆ రోజు మేడమ్ బెంగ గురించి ఇంకో అరగంట అదనంగా చెప్పాడు.

ఇలా సాగుతుండగా టైలరమ్మ వచ్చింది. వెనకవీధిలో మిషను కుట్టుకునే మనిషి, ఒంటరిది. కుక్కల పరుపులకి గలీబులు కుట్టి తెచ్చి, పిల్లుల పరుపుల కొలతలు చూడటానికి మేడమీదకి వెళ్ళి కూర్చుంది. మేడమ్ లేచింది. ఒళ్ళు విరుచుకుంది. నడిచి వచ్చి ఆవిడ ఒళ్ళో ఎక్కి కూర్చుంది. ఇన్నేళ్ళుగా ఆ జుట్టు చిక్కులు తీస్తున్న నన్ను ఒక్కనాడూ సవ్యంగా ముట్టుకోనివ్వకుండా చీరిన పిల్లి అది. నాకు ఒళ్ళు మండింది, నిజమే చెబుతున్నాను.

ఆ తర్వాత ఆవిడ దానికోసమే తరచూ రాసాగింది. అసలు చిత్రం అప్పుడు మొదలైంది. టైలరమ్మ రాని రోజుల్లో మేడమ్ తలుపు కేసి చూడటం మొదలుపెట్టింది. గిన్నెలో సగం వదిలేయడం మొదలుపెట్టింది. మెట్లమీద చెప్పుల చప్పుడైతే చెవులు నిక్కించేది. ఎక్కిందెవరో చూసి మళ్ళీ ముడుచుకునేది. ఇన్నేళ్ళుగా బాబాయి కల్పించి చెప్పిన బెంగంతా మా కళ్ళముందు నిజంగా వచ్చి కూర్చుంది. కాకపోతే వంటాయన కోసం కాదు.

టైలరమ్మ ఒకరోజు మొహమాటపడుతూ అడిగింది. "ఎన్నాళ్ళని ఆ గదిలో ఉంటుందండీ? నాకిచ్చెయ్యమనండి. కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాను."

"ఇవ్వడానికి అది నాది కాదమ్మా. ఆయన రానీ, అడుగుదాం" అన్నాడు బాబాయి.

ఆ రోజు నుంచి బాబాయికి మనశ్శాంతి లేదు. పిల్లి బెంగ నిజమైందని ఆయనకి బెంగ పట్టుకుంది. "వచ్చాక ఏం చెప్తారు?" అని పిన్ని అడిగితే, "ఏముంది, ఎప్పుడూ చెప్పేదే" అనేవాడు. "మరి ఆ మూగజీవం సంగతి?" అంటే లేచి వరండాలోకి వెళ్ళిపోయేవాడు. ఆ మనిషికి ఓడ దిగితే ఎదురుచూసే ప్రాణం ఒక్కటైనా ఉందన్న మాట కావాలి. ఈ పిల్లికి రోజూ కూర్చోవడానికి ఒక ఒడి కావాలి. రెండూ బాబాయి నాలుక చివరే ఉన్నాయి, ఒకటి ఇస్తే రెండోది పోతుంది.

వంటాయన వచ్చాడు. భుజాన సంచీ, చేతిలో మేడమ్ కోసం ఏదో రేవులో కొన్న ఎండుచేపల పొట్లం. గుమ్మంలోనే మామూలు ప్రశ్న వేశాడు.

"బెంగ పెట్టుకుందా అన్నా?"

బాబాయి తల పక్కకి వాల్చబోయాడు. నేను చూస్తూనే ఉన్నాను, సగం వాల్చి నిటారుగా నిలబెట్టేశాడు.

"లేదు తమ్ముడూ. నీమీద పెట్టుకోలేదు. ఎప్పుడూ పెట్టుకోలేదు."

వంటగదిలో చప్పుడు ఆగిపోయింది. బాబాయి టైలరమ్మ సంగతంతా దాచకుండా చెప్పేశాడు. తలుపు కేసి చూపు, వదిలేసిన తిండి, అన్నీ.

"మరి ఇన్నాళ్ళూ?" అన్నాడు వంటాయన.

"ఇన్నాళ్ళూ నీ మొహం చూసి చెప్పాను. ఇవాళ దాని మొహం చూసి చెప్తున్నాను."

వంటాయన పొట్లం బల్లమీద పెట్టాడు. "నాకు తెలుసులే అన్నా. పిల్లి సంగతి పెంచినవాడికి తెలీదా? కానీ ఓడ దిగి ఇక్కడికి వచ్చే దారంతా, ఈసారి అన్న ఏం కల్పిస్తాడా అని అనుకుంటూ వచ్చేవాణ్ణి. అదొక్కటే నాకోసం ఎవరైనా చెప్పే మాట" అన్నాడు. నవ్వాలని చూశాడు గాని కుదరలేదు.

ఆ సాయంత్రమే మేడమ్‌ని టైలరమ్మకి తనే స్వయంగా అప్పగించాడు. దారిలో అది ఒక్కసారి కూడా ఆయన వైపు తిరగలేదు. ఓడ ఎక్కేవరకూ ఆయన మళ్ళీ మా వైపు రాలేదు.

మేడమ్‌ని అప్పగించిన రాత్రి భోజనాల దగ్గర బాబాయి కంచం ముందు కూర్చుని నాతో అన్నాడు. "చిన్నప్పుడు నన్ను చుట్టాల ఇళ్ళలో పెంచారే అమ్మాయ్. సెలవులకి ఎక్కడికైనా వెళ్ళి వస్తే, తలుపు తీసినవాళ్ళు 'అప్పుడే వచ్చేశావా' అనేవాళ్ళు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. ఆ ఒక్క మాటే. ఇంటికి తిరిగొచ్చినవాడికి ఆ మాట ఎంత చలిగా ఉంటుందో నీకు తెలీదు. అందుకే మన గుమ్మంలో ఎవరూ ఆ మాట వినకూడదనుకున్నాను." పిన్ని అడక్కుండానే ఇంకో గరిట వడ్డించింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి ఆవిడకి కూడా చెప్పలేదని ఆవిడ ముఖం చూస్తే తెలిసింది.

తర్వాత బాబాయి తన పని తాను చేసుకుంటూనే ఉన్నాడు. వచ్చినవాళ్ళందరికీ బెంగలు పంచుతూనే ఉన్నాడు. కానీ గేటు దగ్గర ఆటో ఆగితే చాలు, కుర్చీలోంచి లేచేవాడు. "ఓడలు ఈపాటికి తిరిగి రావాలి కదే" అనేవాడు. "ఓడేమైనా సిటీబస్సా, పొద్దునా సాయంత్రం రావడానికి" అనేది పిన్ని. "మనకిక రాడేమోలే, పిల్లి లేదుగా" అని ఆయనే మళ్ళీ సమాధానం చెప్పుకునేవాడు. అయితే ఒక్కటి చెప్పాలి, ఈ దిగులంతా ఆయన కంచం దాకా రాలేదు. దిగులుతో రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు.

వానలు పడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం బాబాయి ఎవరిదో కుక్కని టీకాకి తీసుకెళ్ళాడు. బల్ల దగ్గర పిన్ని కూర్చుంది. నేను వెనక గదిలో ఒక కుక్కకి గోళ్ళు కత్తిరిస్తున్నాను. తలెత్తి చూస్తే గుమ్మంలో వంటాయన, భుజాన తడిసిన సంచీ.

"మేడమ్ వెనకవీధిలోనే ఉంది బాబూ. బాగుంది" అంది పిన్ని.

"తెలుసు వదినగారూ. వెళ్తాను. ముందు ఇలా వచ్చాను" అన్నాడు.

అని నిలబడిపోయాడు. ఇన్నేళ్ళూ ఆ గుమ్మంలో ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న. ఇప్పుడు అది అడగడానికి లేదు. మేకులకి వేలాడే పట్టీల్ని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు చూస్తున్నాడు. ఇక వెళ్ళొస్తాను అనబోతున్నాడని నాకు అర్థమైంది.

పిన్ని లేచింది. జన్మలో ఒక్క కుక్క గురించి కూడా ఒక్క అబద్ధం ఆడని మా పిన్ని తల ఒక పక్కకి వాల్చింది. గొంతు తగ్గించింది.

"మీ అన్నగారి సంగతి ఏం చెప్పమంటావు బాబూ. నువ్వెళ్ళిన దగ్గర్నుంచి ఒకటే బెంగ. గేటు చప్పుడైతే లేచిపోతారు. అన్నం సయించదు. మనిషి సగమైపోయారు."

వంటాయన సంచీ కింద పెట్టి కుర్చీలో కూర్చున్నాడు. "నిజమేనా వదినగారూ?" అన్నాడు మెల్లిగా.

"నాకు అబద్ధాలాడే అలవాటు లేదు" అంది పిన్ని.

సరిగ్గా అప్పుడే గేటు తెరుచుకుంది. ముందు కుక్క, దాని వెనక బాబాయి పొట్ట, దాని వెనక బాబాయి లోపలికి వచ్చారు. చొక్కా గుండీ ఒకటి అప్పటికే ఊడి ఉంది. పిన్ని నావైపు చూసింది. నేను కుక్కగోళ్ళ వైపు చూశాను.

బాబాయి గుమ్మంలో ఆగిపోయాడు. చేతిలోని తాడు జారిపోయింది. వంటాయన లేచి నిలబడి ఆయన్ని తలనుంచి కాళ్ళదాకా చూశాడు, మధ్యలో పొట్ట దగ్గర కొంచెం ఎక్కువసేపే చూశాడు.

"ఇంతలా చిక్కిపోయావేంటన్నా" అన్నాడు.

బాబాయి కళ్ళు తుడుచుకుని, "ఏం చేయమంటావు తమ్ముడూ" అంటూ ఆయన చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నాడు. పిన్ని ఇద్దరికీ అన్నం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.