ఐదైదు బొట్ల ఎర్రకారు

ఆ మధ్యాహ్నం వనపర్తిలో మా నర్సింహ మామ టెంట్‌హౌస్ ముందు ఉన్నవి, ఉన్నవారు: రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి. కొత్త స్పార్క్ ప్లగ్గులు నాలుగు. వాటికి కరెంటు మోసే కొత్త వైర్లు నాలుగు. మామ. అత్త. అత్త చేతిలో పసుపు కుంకుమల పళ్లెం. నా జేబులో వారం కిందట చేతికొచ్చిన ఆటోమొబైల్ డిప్లొమా. మెకానిక్ మొయిన్ భాయ్ మాత్రం లేడు. ఆయన ఉండి ఉంటే సాయంత్రానికి అంత సర్వనాశనం జరిగేది కాదు.

పెళ్లికొడుకులను ఊరేగించడానికని మామ ఆ కారును హైదరాబాదులో మూడో చేతి నుంచి కొన్నాడు. ఆ సాయంత్రం ఐదింటికి దాని మొదటి ఊరేగింపు, గోపాల్‌పేటలో టైలర్ ఖాజా బారాత్. ఖాజా తండ్రి మామకు చిన్ననాటి దోస్తు. "నీ కొడుకు ఎర్రకారులనే పోతడు" అని మామ నలుగురిలో మాటిచ్చాడు. కారేమో రెండు రోజులుగా క్షయరోగిలా దగ్గుతోంది.

"మొయిన్ భాయ్ గద్వాల పోయిండు. ఫోన్ చేస్తే రెండు గంటలల్ల వస్తడు," అన్నాడు మామ.

"ప్లగ్గులు మార్చనీకె మొయిన్ భాయ్ ఎందుకు మామా? నేను లేనా?"

"నీకొస్తదా అల్లుడా?"

"డిప్లొమా, మామా!"

మామ ఫోను జేబులో పెట్టేశాడు. మనుషులు చదువును ఇంత తేలిగ్గా నమ్మకూడదు.

బుద్ధున్నవాడు ఒక వైరు పీకి, దాని చోట కొత్తది పెట్టి, తర్వాత రెండోది ముడతాడు. నాది క్రమపద్ధతి కదా, అన్నీ ఒకేసారి పీకి వరసగా పేపరు మీద పేర్చాను. వైర్లన్నీ వచ్చి చేరే నల్లటి మూత ఒకటుంటుంది, డిస్ట్రిబ్యూటర్ క్యాప్. దానికి నాలుగు మూతులు. ఏ మూతి ఏ ప్లగ్గుదో తప్పితే ఇంజన్లో నిప్పు తప్పుడు సమయంలో పుడుతుంది. అందుకని గుర్తులు పెట్టాలి. జిడ్డు మీద పెన్ను పలకలేదు. అత్త పళ్లెంలోంచి కుంకుమ తీసి నూనెలో కలిపి, మొదటి ప్లగ్గు మూతికి ఒక చుక్క, రెండోదానికి రెండు, అలా నాలుగు దాకా పెట్టాను. నా తెలివికి నేనే మురిసి, లోపలికెళ్లి కడుపునిండా అన్నం తిన్నాను.

తిరిగొచ్చి చూస్తే ప్రతి మూతికీ ఐదేసి చుక్కలు.

"అత్తా! ఇవేంది?"

"బొట్లు."

"ఐదైదు ఎందుకున్నయి?"

"నువ్వు ఒకదానికి ఒకటే పెట్టినవ్, ఒకదానికి నాలుగు పెట్టినవ్. గదేం పద్ధతి? పెండ్లికి పోయే బండి. అన్నిటికి సమానం చేసిన."

మా అత్త బొట్టు పెట్టందే ఆ ఇంట్లో మిక్సీ కూడా తిరగదు. ఆ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసినవాణ్ణి, అయినా కుంకుమతోనే గుర్తులు పెట్టాను.

ప్లగ్గులు ఏ వరసలో వెలగాలో పుస్తకంలో ఉంటుంది. ఆ ప్రశ్నను నేను పరీక్షలో ఛాయిస్‌లో వదిలేశాను. అయినా లెక్క వచ్చు: నాలుగు వైర్లు, నాలుగు మూతులు, మొత్తం ఇరవై నాలుగు విధాలు. పెళ్లిపత్రిక వెనక జాబితా రాసుకుని మొదలుపెట్టాను.

మొదటి విధానికి కారు మూలిగింది. మూడోదానికి సైలెన్సర్ ఢామ్మని పేలింది. ఎదురు కిరాణా కొట్టాయన బయటికొచ్చి, "నర్సింహా, బారాత్ గీడికెల్లే షురూ చేసిన్రా?" అన్నాడు. ఆరోదానికి ఇంజన్ కల్లు తాగిన గాడిదలా ఒళ్లంతా ఊపుకుంటూ లేచింది.

"సురువైంది! అరె, సురువైందిరో!" మామ తువ్వాలు గాల్లోకి ఎగరేశాడు. తువ్వాలు కిందపడేలోపే ఇంజన్ పడుకుంది. ప్లగ్గు బిగించగానే పండుగ కాదు.

పదిహేడోదానికి బ్యాటరీ చచ్చింది. సమయం నాలుగున్నర. ఖాజా ఫోను.

"చిచ్చా, ఏడున్నరు?"

"బయలెల్లినం బేటా," అని మామ నా వైపు తిరిగాడు. "మాట పోతదిరా. నీ డిప్లొమా ఏమంటది?"

"ట్రాక్టర్ అంటది మామా."

గోపాల్‌పేట పొలిమేర దాకా ట్రాక్టరు లాగింది. అక్కడ తాడు విప్పుతుంటే నాకు బుర్ర వెలిగింది. బారాత్ నడిచేది మనిషి నడక వేగంతో. దానికి ఇంజనెందుకు? ఎదురొచ్చిన ఖాజా దోస్తులను పక్కకు పిలిచి కాళ్లావేళ్లా పడ్డాను. వాళ్లు నాతోపాటు ఒక చేత్తో కారు తోస్తూ, రెండో చేత్తో డాన్సు చేశారు. మామ స్టీరింగ్ ముందు మంత్రిలా నిటారుగా కూర్చున్నాడు. పక్క సీట్లో ఖాజా ముఖం నిండా పూల సెహ్రా, వెనక ఏం జరుగుతోందో కనిపించే దారి లేదు.

పెళ్లికూతురు గుమ్మం ముందు దిగి, ఖాజా నన్ను కావలించుకున్నాడు.

"భాయ్, కుదుపే లేదు! బ్యాండ్ ఆగినంక గూడ ఇంజన్ సప్పుడు ఇనరాలే. ఏం సెట్టింగ్ చేసినవ్?"

చెమటకు తడిసిన చొక్కా పిండుకుంటూ, "ట్యూనింగ్," అన్నాను. మామ తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

మర్నాడు మొయిన్ భాయ్ వచ్చి పావుగంటలో వైర్లు సరిచేశాడు. ఆ వారంలో ఇద్దరు పెళ్లికొడుకులు కారు అడగడానికి వచ్చారు. ఇద్దరిదీ ఒకటే షరతు: "ఖాజా బారాత్‌ల లెక్క సప్పుడు లేకుండ రావాలె."

కనుక సకల ఇంజన్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఒక వైరు పీకితే, దాని చోట కొత్తది పెట్టేదాకా రెండోది ముట్టను, అన్నానికి లేవను. ఇక ఆ షరతు సంగతంటారా, ఆ రోజు కారు తోసినవాళ్లం పదకొండు మందిమి.