మెట్లబావిలో పెట్టిన కాలు

ఆ రోజు దుక్కి దున్ని వస్తుంటే ఎడమకాలి చీలమండ దగ్గర నిప్పు పెట్టినట్టు మంట మొదలైంది. ఇంటికొచ్చి చూస్తే శనగగింజంత పొక్కు. ఏదో పురుగు కుట్టిందనుకున్నాను. మూడో రోజు పొక్కు చితికి, తెల్లని దారం కొస ఒకటి బయటికి వచ్చింది. అది కదిలింది. నా ఒంట్లోంచి బతికున్న పురుగు వస్తుంటే అమ్మను కేకేసి చూపించాను.

"నారికురుపు బిడ్డా" అంది మా అమ్మ. ఆమెను మేం అవ్వ అనే పిలుస్తాం.

ఎల్లారెడ్డి దగ్గర మా ఊళ్లో మమ్మల్ని ఇంటిపేరుతో ఎవరూ పిలవరు, మెట్లబావోళ్లు అంటారు. మా నాన్న ఇల్లు కట్టించేటప్పుడు నడివాకిట్లో బావి తవ్వించి, నీళ్ల దాకా నల్లరాతి మెట్లు దింపాడు. ఊరంతా చేంతాడు లాగి చేతులు కాయలు కాయించుకుంటే, మా ఆడవాళ్లు దర్జాగా దిగి బిందె ముంచుకొచ్చేవారు. స్నానాలు, బియ్యం కడగడం, చుట్టాలతో ముచ్చట్లు, అన్నీ ఆ మెట్ల మీదే. మాకు పిల్లనివ్వడానికి వచ్చినవాళ్లు పొలాల కంటే ముందు బావిని చూసేవారు. ఆ గొప్ప నాకూ తక్కువేం లేదు.

ఆ దారంలాంటి పురుగునే నారు అంటాం. నారు లేచిన కాలు నీళ్లలో పెడితే మంట చల్లారుతుంది. పదిహేను రోజులు ఆఖరి మెట్టు మీద కూర్చుని కాలు బావిలో వేలాడేశాను. నా ఆరేళ్ల కూతురు లచ్చవ్వ పక్కనే కూర్చుని చూసేది. నారును పుల్లకు చుట్టి, రోజుకు రెండు వేళ్లంత చొప్పున లాగాలి. నాకంత ఓపిక ఎక్కడిది? ఒకనాడు విసుగొచ్చి గుంజాను, తెగింది. కాలు గుమ్మడికాయలా వాచింది. బండి కట్టించుకుని కామారెడ్డి దవాఖానకు పోతే డాక్టర్ సాబ్ "సెప్టిక్ అయింది" అని కోసి డ్రెస్సింగ్ చేశాడు.

"ఇది గినీ వర్మ్. తాగే నీళ్లతోని వస్తది. బట్టతోని వడగట్టుండ్రి" అన్నాడు. మా బావి నీళ్లకే వంక పెడతాడా అని దారంతా తిట్టుకుంటూ వచ్చాను.

మరుసటి ఏడు అదే దుక్కుల కాలంలో లచ్చవ్వ మోకాలి మీద పొక్కు లేచింది. బిడ్డను బండిలో కుదపడం ఇష్టంలేక, మందు కోసం నేనొక్కణ్నే దవాఖానకు పోయాను.

"పోయినేడు నీ కాలు మండినప్పుడు ఏం చేసినవ్?" అని అడిగాడు డాక్టర్.

"మా బావిల వెట్టుకున్న, సాబ్."

ఆయన కలం కింద పెట్టాడు. "కాలు నీళ్లల్ల వెట్టంగనే నారు వేలకొద్ది పిల్లలను ఇడుస్తది. కంటికి ఆనని నీటిపురుగు వాటిని మింగుతది. ఆ నీళ్లు మీరు తాగుతరు. ఆ పిల్లనే ఒంట్ల వెరిగి ఏడాదికి నారై బయటవడతది. నీ బిడ్డకు నువ్వే ఇచ్చినవ్."

ఇల్లు ఎలా చేరానో గుర్తులేదు. వాకిట్లో అడుగు పెట్టేసరికి ఆఖరి మెట్టు మీద అవ్వ, ఆమె ఒళ్లో లచ్చవ్వ. బిడ్డ కాలు మోకాలు మునిగేదాకా నీళ్లలో ఉంది.

"మంట తగ్గింది బాపూ" అని నన్ను చూసి నవ్వింది. "నువ్వు గిట్లనే వెట్టుకున్నవ్ గద!"

నేను పెట్టిన కేకకు ఇద్దరూ వణికిపోయారు. బిడ్డను ఎత్తుకొచ్చి గడప దగ్గర కూర్చోబెట్టి, డాక్టర్ మాటలన్నీ అవ్వకు చెప్పి, మెట్లు మూసేద్దామన్నాను.

"మెట్లు పోతె మనం ఎవలం బిడ్డా? మీ బాపు పేరు పోతది" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మర్నాడు రాళ్ల పనివాళ్లు వచ్చేసరికి అవ్వ మెట్లన్నీ కడిగి, పైమెట్టు మీద ముగ్గేసి పెట్టింది. "ఇగ కానియ్యుండ్రి" అని లోపలికి పోయింది.

మెట్లు మూయకముందు తాగిన నీళ్లతో ఆ పై ఏడు అవ్వకూ నారు లేచింది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరికీ లేవలేదు. ఇప్పుడు బావి చుట్టూ గోడ, పైన గిలక. నీళ్లు వడగట్టకుండా ఎవరూ నోట పెట్టరు. లచ్చవ్వ మోకాలు పూర్తిగా చాపలేదు, కుంటుతూనే వచ్చి బొక్కెన తోడుతుంది. ఊళ్లో మాత్రం ఇంకా మెట్లబావోళ్లనే అంటారు. ఆ మాట వింటే నాకిప్పుడు తల ఎత్తబుద్ధి కాదు.

ఎక్కడో దేశాల్లో పెద్ద యుద్ధం వచ్చి ఇక్కడి దవాఖానలో మందులు కరువైన రోజులివి, అందుకే నారు లేచినవాళ్లకు ఒక్క మాట చెబుతాను. ఆ మంట ఎలాంటిదో నాకు తెలుసు. ముంతతో నీళ్లు తెచ్చుకుని, బావికీ చెరువుకూ దూరంగా, పొడి నేల మీద నిలబడి కాలికి పోసుకోండి. బావిలో కాలు పెట్టకండి. మీ పక్కన కూర్చుని చూస్తున్న పిల్ల ఆ నీళ్లే తాగుతుంది.