తొలకరి మామయ్యగారూ, నా తెల్ల నేలా

మా మామగారు అడుగుపెట్టిన ఇంట్లో నేల తడవకుండా ఉండదు. మంచినీళ్ళిస్తే మంచినీళ్ళు, టీ ఇస్తే టీ, పాలిస్తే పాలు. ఏమీ ఇవ్వకపోతే "కాస్త దాహంగా ఉందమ్మా" అని అడిగి పుచ్చుకుని మరీ ఒలకబోస్తారు. వీధిలో వాళ్ళు ఆయనకి తొలకరి మామయ్య అని పేరు పెట్టారు. ఆ పేరు చెవిన పడ్డ రోజున ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా "తొలకరంటే మంచిదేగా, అందరూ ఎదురుచూస్తారు" అన్నారు. ఎవరు ఎదురుచూసేవారో నాకు తెలియదు. ఆయన భుజం మీది తుండుగుడ్డతో తుడిచిన చోటల్లా నేను మళ్ళీ తడిగుడ్డ పెట్టుకోవాలి కాబట్టి నాకు మాత్రం ఒళ్ళు మండేది.

పుట్టుకతో వచ్చిన గుణమైతే సరిపెట్టుకునేదాన్ని. కాదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆసుపత్రి మందుల గదిలో పెద్ద సీసాల్లోంచి చిన్న సీసాల్లోకి మందు పోసిన మనిషి ఆయన. చుక్క బయటపడేది కాదట. ఇప్పటికీ గడ్డం గీసుకుంటే గాటు పడదు. అత్తగారి కుట్టుసూదిలో దారం ఎక్కించాలంటే కళ్ళజోడు కూడా వెతుక్కోరు, ఒక్క ఊపులో ఎక్కించేస్తారు. అలాంటి చేతులు, నలుగురు కూర్చున్న చోటికి వచ్చేసరికి పట్టు తప్పిపోతాయి. ఈ వరస మొదలై రెండేళ్ళయింది, అంతే.

మా అత్తగారి సంగతి వేరు. ఆవిడ కాపురంలో నేల మీద చుక్క నీళ్ళు పడితే ఇల్లంతా ఉలిక్కిపడేది. మా ఆయన చిన్నప్పుడు గ్లాసు జారవిడిచి, తిట్లకి భయపడి మంచం కింద దూరి, అక్కడే నిద్రపోయాడట. అలాంటి ఇల్లాలికి ఇలాంటి మొగుడు. ఆయన ఒలకబోయడమే తరువాయి, ఆవిడ అందుకునేవారు.

"చేతులా అవి, చేటలా?"

"చేతులేనే. కాస్త జారింది."

"జారడానికి మీరు పట్టుకున్నది గ్లాసా, చేపా?"

"గ్లాసే. చేపైతే అదే నీళ్ళలోకి దూకేది, నేల తడిసేది కాదు."

వచ్చినవాళ్ళు నవ్వేవారు. నేను బకెట్ తెచ్చేదాన్ని.

పక్కింటివాళ్ళు ఒకసారి కొత్త తివాచీ కొన్నారు. చూడ్డానికి రమ్మని అందరినీ పిలిచారు. మేము వెళ్ళేసరికి హాల్లో ఉత్త నేల ఉంది.

"తివాచీ ఏదండీ?" అన్నాను.

ఆవిడ నన్ను పక్కకి తీసుకెళ్ళి "చుట్టి మంచం కింద పెట్టామమ్మా. మీ మామగారు వెళ్ళాక పరుస్తాం" అంది.

మామగారు ఉత్త నేల మీదే అర గ్లాసు మజ్జిగ ఒలకబోసి, ఇల్లు చాలా బాగుందని మెచ్చుకుని వచ్చారు.

ఇవన్నీ నవ్వుకునే కబుర్లే. నవ్వలేనివి మా వదిన ఇంట్లో జరిగాయి. వదినంటే మామగారి పెద్దకూతురు. వాళ్ళింట్లో నేలంతా పాలరాయి. ఆ నేల మీద నడిచేటప్పుడు ఊపిరి కూడా మెల్లిగా పీల్చుకోవాలనిపిస్తుంది. వరసగా రెండుసార్లు ఆ రాయి మీద టీ పడ్డాక, మూడోసారి అల్లుడుగారు గుమ్మంలోనే నవ్వుతూ అన్నారు.

"మామయ్యగారికి వరండాలో కుర్చీ వెయ్యండి. అక్కడైతే వాన పడ్డా మనకి నష్టం లేదు."

అందరూ నవ్వారు. మామగారు అందరికన్నా గట్టిగా నవ్వి, కుర్చీ తనే మోసుకెళ్ళి వరండాలో వేసుకున్నారు. అత్తగారు "ఈయన్ని ఓ కంట కనిపెట్టకపోతే వీధి కూడా తడిపేస్తారు" అంటూ వెనకాలే వెళ్ళి పక్కన కూర్చున్నారు. కన్నకూతురి ఇంట్లో ఇద్దరూ వరండాలో టీ తాగి వచ్చారు. తర్వాత మనవరాలి పుట్టినరోజుకి మాకు పిలుపే రాలేదు.

వదిన అంతటితో ఊరుకోలేదు. తండ్రి చేతులకి ఏదో జబ్బు వచ్చిందని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. తోడు నేనూ వెళ్ళాను. డాక్టరు గ్లాసు నిండా, అంచుదాకా నీళ్ళు పోసి, గది ఆ చివరికి నడిచి రమ్మన్నాడు. మామగారు వెళ్ళి వచ్చారు. చుక్క కింద పడలేదు.

"ఈ చేతులు నాకుంటే నేను ఇంకో పదేళ్ళు ఆపరేషన్లు చేసేవాణ్ణి" అన్నాడు డాక్టరు.

బయటికి రాగానే వదిన మొహం ఎర్రబడింది. "అయితే కావాలనే చేస్తున్నావన్నమాట. నా ఇంటిమీద ఇంత అక్కసేమిటి నాన్నా నీకు?"

ఆయన చెప్పులు వేసుకుంటూ "వయసమ్మా" అన్నారు.

"వయసైతే అక్కడెందుకు ఒలకలేదు?"

"అక్కడెవరున్నారే, ఒలకబోయడానికి!"

ఆ రోజునుంచి ఆయనంటే జాలిపడేవాళ్ళు కూడా పళ్ళు కొరకడం మొదలుపెట్టారు. జబ్బని ఓర్చుకున్నవాళ్ళకి అది పొగరని తేలింది మరి.

సరిగ్గా అప్పుడే మేము సొంతిల్లు కొనుక్కున్నాం. సొంతిల్లంటే పాత ఇల్లు. గోడలు ఫరవాలేదు, నేల మాత్రం పెచ్చులు లేచిపోయి, ఏ గదిలో ఎక్కడ తట్టుకుంటామో తెలియకుండా ఉంది. నేల వేయించనిదే దిగడానికి లేదు. అద్దె ఇళ్ళలో, ఖాళీ చేసే రోజున వంగి వంగి మరకలు వెతికే ఇంటివాళ్ళ దగ్గర ఇన్నేళ్ళు బతికిన నాకు ఒకటే కోరిక: తెల్లగా, మొహం కనపడేలా మెరిసే నేల. మా ఆయనకి ఒకటే కోరిక: చవక నేల. మామగారికి ఏం కోరిక ఉంటుందిలే అనుకుని షాపుకి వెంట తీసుకెళ్ళాం. అత్తగారు రానన్నారు.

షాపతను మెరిసే తెల్ల టైల్ ఒకటి మా ముందు పెట్టాడు. అందులో నా మొహం నాకే అందంగా కనిపించింది. మామగారు సంచిలోంచి ఫ్లాస్కు తీశారు.

"టీ తాగుతారా సార్? కప్పు తెమ్మంటారా?"

"నాకు కాదు బాబూ, దీనికి" అని టైల్ మీద కాస్త టీ పోసి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"తుడిస్తే పోతుంది సార్."

"పోతుంది. తుడిచేదాకా మాత్రం ఊరంతా చాటుతుంది. ఇది చాడీలకోరు. మాకొద్దు." అరికాలితో రుద్ది చూసి, "జారుతుంది కూడా" అన్నారు.

పాలరాయి టీని మెల్లిగా పీల్చేసుకుని, పసుపుపచ్చని మచ్చ మిగుల్చుకుంది. "తాగుబోతు" అన్నారు. చెక్కలా కనిపించే పలకలు చూపిస్తే, నీళ్ళు నిలిస్తే ఏమవుతుందని అడిగారు.

"అంచులు కాస్త లేస్తాయి సార్."

"అలిగిన అల్లుడిలా ఉబ్బుతుందన్నమాట. ఆ రకం మా ఇంట్లో ఒకటుంది, చాలు."

చవకైన ప్లాస్టిక్ షీటు చూసి మా ఆయన కళ్ళు మెరిశాయి. మామగారు దాని అంచు ఎత్తి టీ పోశారు. టీ అడుక్కి జారి మాయమైంది. "ఇది కడుపులో పెట్టుకునే రకం. కొన్నాళ్ళకి ఇల్లంతా కంపు కొడుతుంది."

చివరికి మూలన గోడకి ఆనించిన ఒక టైల్ దగ్గర ఆగారు. గరుకుగా, బూడిద రంగులో, గోధుమరంగు చుక్కలతో ఉంది. ఎవరో టీ ఒలకబోసి, దాని మీద ఇసుక చల్లి, చెప్పులతో తొక్కినట్టుంది. ఫ్లాస్కులో మిగిలిందంతా దాని మీద పోశారు. ఎక్కడ పోశారో మాకెవరికీ కనిపించలేదు. తడి మీదే కాలు పెట్టి రుద్దారు. జారలేదు.

"ఇదీ పెద్దమనిషి తరహా. ఏం పోసినా నోరు విప్పదు."

"అవి పార్కింగులో వేస్తారు సార్" అన్నాడు షాపతను మొహమాటంగా.

"ఈ వయసులో మాదీ పార్కింగేనయ్యా. ఇంకెక్కడికి కదులుతాం?"

తెల్లవాటి ధరలో సగమని తెలిశాక మా ఆయన తండ్రి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. "చవక, గట్టిది, జారదు. ఇంకేం కావాలి?"

"అందం" అన్నాను.

"అందం తర్వాత చూద్దాం."

"పెళ్ళైనప్పటినుంచీ అదే మాట."

ఇంటికి రాగానే నాకు ఆగలేదు. "మామయ్యగారూ, మీరు ఒలకబోయడం మానేస్తే నేను తెల్ల నేల వేయించుకోవచ్చు కదా?"

"మానలేనమ్మా."

"మానలేరా, మానరా? డాక్టరు చెప్పింది నేనూ విన్నాను."

"నన్ను ఎంతైనా తిట్టు తల్లీ. తెల్లది మాత్రం వద్దు."

"ఇల్లంతా పార్కింగు చేసుకుని నేను బతకాలన్నమాట."

"ఫరవాలేదు, నేలంటూ పడితే నా కుర్చీ ఎక్కడ వెయ్యాలో నువ్వే చెప్పు. అక్కడే కూర్చుంటాను" అన్నారు. ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నారు. ఇంట్లో మాత్రం ఎవరూ నవ్వలేదు.

పార్కింగు టైల్స్ వచ్చాయి. మేస్త్రీ పెట్టెలు విప్పి "కారు ఎక్కడ పెడతారమ్మా?" అని అడిగాడు.

"కారు లేదు. ఇది హాలు."

అతను నా మొహంలోకి జాలిగా చూసి, ఇంకేం అడగకుండా సిమెంటు కలుపుకున్నాడు. పని పూర్తయ్యాక గుమ్మంలో నిలబడి చూశాను. కడిగినా కడిగినట్టుండని, మాపినా మాసినట్టుండని నేల. నా కోరిక మీద ఎవరో బండి నిలిపినట్టే ఉంది.

ఇల్లు చూడ్డానికి వదిన, అల్లుడుగారు వచ్చారు. అల్లుడుగారు నేల చూసి "అద్భుతం. టైరు గుర్తులు ఒక్కటే తక్కువ" అన్నారు. వదిన మూతి బిగించుకుని నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

వంటింట్లో నేను టీ పోస్తుంటే అత్తగారు వచ్చి ట్రే అందుకున్నారు.

"నేను తెస్తానండీ."

"నా ఇంటికి వచ్చినవాళ్ళకి నేనే ఇచ్చుకుంటాను."

ఆవిడ ముందు, బిస్కట్ల పళ్ళెంతో నేను వెనక. హాల్లోకి అడుగుపెట్టగానే కప్పులు సన్నగా గలగలమన్నాయి. ఆవిడ కుడిచెయ్యి వణుకుతోంది. కాస్త కాదు. ఆకు ఊగినట్టు ఊగుతోంది. ట్రే ఒకవైపుకి వాలింది, రెండు కప్పుల్లో టీ అంచు దాటి నేల మీద పడింది. అల్లుడుగారు ఆ చప్పుడుకి తల తిప్పబోయారు.

మామగారు అప్పటికే చూశారు. ఏ తొందరా లేకుండా, పక్క బల్ల మీది నీళ్ళ జగ్గుని మోచేత్తో కచ్చితంగా కావలసినంత నెట్టారు. మందు కొలిచి పోసినంత జాగ్రత్తగా నెట్టారు. జగ్గు ధబ్బున పడింది. నీళ్ళు హాలంతా పరుచుకుని, టీ చుక్కల్ని కలుపుకుని పోయాయి.

"మళ్ళీనా నాన్నా!" అంది వదిన కాళ్ళు పైకెత్తుకుని.

అల్లుడుగారు పకపకా నవ్వారు. "అందుకే పార్కింగు టైల్స్ వేయించారన్నమాట. ముందుచూపు!"

"మరే" అన్నారు మామగారు, తుండుగుడ్డతో మోకాళ్ళ మీద కూర్చుంటూ. అత్తగారు ఈలోపు ట్రే బల్ల మీదికి చేర్చేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఎప్పటిలాగే ఆయన్ని కడిగేయడం మొదలుపెట్టారు. ఆవిడ గొంతులో వణుకు లేదు. ఎవరూ ఆవిడ చెయ్యి చూడలేదు. నేల కూడా ఏమీ చెప్పలేదు.

పళ్ళెం పట్టుకుని నేను అక్కడే నిలబడిపోయాను. అత్తగారి సూదిలో దారం ఆయనెందుకు ఎక్కిస్తారో, డాక్టరు దగ్గర ఆయన గ్లాసు ఎందుకు తొణకలేదో, కూతురి ఇంట్లో వరండాలోకి అంత హుషారుగా కుర్చీ ఎందుకు మోసుకెళ్ళారో ఒక్కసారిగా అర్థమైంది. జీవితమంతా ఇంట్లో ఎవరినీ చుక్క ఒలకనివ్వని అత్తగారు, నలుగురిలో తన చేతుల్లోంచి టీ ఒలికితే బతకగలరా? అందుకని ఆ నలుగురి ముందూ ఈయన మతి తప్పినవాడయ్యారు, పొగరుబోతయ్యారు, కూతురికి కానివాడయ్యారు.

టీలు తాగడం అయ్యాక ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. అత్తగారు సింకు దగ్గర నిలబడి ఉన్నారు.

"అత్తయ్యగారూ, మీ చెయ్యి..."

"వణుకుతోంది. నాకు తెలీదనుకున్నావా?" అన్నారు కప్పులు అందుకుంటూ. "డాక్టరు దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్ళొచ్చాను. మాత్రలు వాడుతున్నాను. తగ్గేది కాదట, పెరగకుండా చూస్తారట."

"మామయ్యగారు కావాలనే..."

"అదీ తెలుసు. నాకు తెలీదనే ఆయన నమ్మకం. ఆ నమ్మకం మీదే మనిషి సరదాగా తిరుగుతున్నాడు. నువ్వు నోరు జారావంటే ఆయన ఏమైపోతాడు?"

"మరి అన్ని తిట్లు తిడతారెందుకండీ?"

"తిట్టకపోతే అనుమానం రాదూ? అయినా ఆయనకి ఒలకబోయడం కూడా సరిగ్గా రాదే. నేను ఓ చెంచాడు టీ పోస్తే ఆయన జగ్గెడు నీళ్ళు పోయాలా? అందుకు తిడతాను, నిజంగానే."

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అంతలో హాల్లో ఏదో భళ్ళుమంది. వెనకే మామగారి గొంతు: "అయ్యయ్యో!"

అత్తగారి చేతులకేసి చూశాను. రెండూ ఇక్కడే, సబ్బు నురగలో ఉన్నాయి.

"ఇప్పుడెందుకండీ? మీరు ఇక్కడున్నారు కదా?"

ఆవిడ చెవి రిక్కించి విన్నారు. అల్లుడుగారు ప్యాంటు దులుపుకుంటూ గంతులేస్తున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

"ఇది నా ఖాతాలోది కాదు" అన్నారు అత్తగారు. "ఇది ఆయన సొంతం." అని, నవ్వు ఆపుకోలేక సింకు అంచు గట్టిగా పట్టుకున్నారు. ఆ చెయ్యి ఊగిపోతోంది. అది జబ్బుకో, నవ్వుకో ఆ నిమిషంలో మా ఇద్దరికీ తెలియలేదు.